ఘటోత్కచుడి గద చేద్దాం, రండి

మీరు 'మాయాబజార్' చూసే ఉంటారు. చూడని తెలుగువాళ్ళు ఉన్నారంటే నేను నమ్మను. అయితే ఈసారి చూసేటప్పుడు నా కోసం ఒక పని చేయండి. ఘటోత్కచుడి వేషంలో ఉన్న ఎస్వీ రంగారావు గారి ముఖం మీంచి కాసేపు చూపు తిప్పుకోండి. కష్టమేనని నాకూ తెలుసు. ఆయన తెరమీదికి వచ్చాక కళ్ళు ఇంకెక్కడికీ పోవు. అయినా సరే, చూపును ఆయన చేతి మీదికి దించండి. ఆ చేతిలో గద ఉంటుంది. దాన్ని ఎత్తేటప్పుడు మోచేతినీ, దించేటప్పుడు మణికట్టునూ గమనించండి. అది కర్రతో చేశారో, కాగితం గుజ్జుతో చేశారో, మనకెందుకు? ఆయన చేతిలో ఉన్నంతసేపూ అది మణుగుల బరువున్న ఇనుపగదే.

నాకు ఆ గద మీద ఎప్పటినుంచో మోజు. అలాంటి వస్తువును తెరమీద చూసి, కొలతలు పట్టి, అచ్చు తీసి, పోత పోసి, రంగులద్ది, మనింటి గోడకు ఆనించి పెట్టుకోవడంలో ఉన్న సుఖం చేసినవాళ్ళకే తెలుస్తుంది. సినిమావాళ్ళు ఇలాంటి సామానును ప్రాపర్టీ అంటారు. వాటికి నకళ్ళు చేసుకునే వాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. ఇదేదో అమెరికావాళ్ళ సరదా అని మన పిల్లలు అనుకుంటున్నారు. కానీ మన తిరుపతి, చిత్తూరు సీమకు ఈ పనితో చాలా దగ్గరి చుట్టరికం ఉంది. ఆ చుట్టరికాన్ని చెప్పడానికే మిమ్మల్ని కూర్చోబెట్టాను.

ముందు ఆ దూరదేశం కథే చెప్పి పక్కన పెడతాను. 1977లో వచ్చిన 'స్టార్ వార్స్' సినిమాలో కుర్ర హీరోకు ఒక వెలుగుకత్తి ఇస్తారు. ఆ కత్తి పిడి ఎక్కడిదనుకున్నారు? సెట్ సామాను చూసుకునే రోజర్ క్రిస్టియన్ అనే ఆయన లండన్‌లో కెమెరా సామాను దొరికే అంగడికి వెళ్ళి, గ్రాఫ్లెక్స్ కంపెనీ వాళ్ళ పాత ఫ్లాష్ లైటు పిడులు పట్టుకొచ్చాడు. వెనకటి పత్రికా ఫోటోగ్రాఫర్లు పెద్ద కెమెరాలకు పక్కన తగిలించుకునేవాళ్ళు చూడండి, అవి. పట్టుకోవడానికి వీలుగా వాటి చుట్టూ నల్లటి పట్టీలు అంటించాడు, క్యాలిక్యులేటర్‌లోని అద్దపు బుడిపెల ముక్క ఒకటి తగిలించాడు. కత్తి తయారు. అదే సినిమాలో ముసలి గురువు చేతిలోని కత్తిని జెట్ ఇంజన్ గొట్టం ముక్క, మొదటి ప్రపంచ యుద్ధం నాటి గ్రెనేడు భాగం, నీళ్ళ కొళాయి తిప్పే పిడి కలిపి చేశారు. తర్వాత అభిమానులు ఆ గ్రాఫ్లెక్స్ పిడుల కోసం ప్రపంచమంతా గాలించారు. వాటి ధరలు ఎంత పెరిగాయంటే, నిజంగా పాత కెమెరాలు సేకరించేవాళ్ళు లబోదిబోమన్నారు.

ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. కోట్లు పెట్టి తీసే సినిమాలో కూడా కంటికి నిజమనిపించే వస్తువు పాత సామాను కుప్పలోంచే వచ్చింది. ఒకనాడు నిజంగా ఎవరో వాడిన లోహానికి ఉండే గీతలు, అరుగు, నునుపు కొత్తగా చేసినదానికి రావు. ఈ మాట విన్నాక మన ఊళ్ళ గుజిరీ అంగళ్ళను మీరు వేరే కళ్ళతో చూస్తారు. అక్కడ ఏముండదు చెప్పండి! కిరసనాయిలు స్టవ్వు బర్నర్లు, నీళ్ళ మోటారు చక్రాలు, సైకిలు బెల్లు మూతలు, మోటారు సైకిలు షాక్ స్ప్రింగులు, పాత ఫ్యాను కప్పులు, మెట్ల రెయిలింగు మీది ఇత్తడి గుండ్లు. నేను గద పిడి కోసం పాత పట్టెమంచం కోడు ఒక్కటే ఏరుకుంటే, అంగడాయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఒక్కటేం చేసుకుంటారు సామీ? మంచానికి నాలుగుండాల గదా!" అన్నాడు. గదకని చెబితే ఆయనే లోపలికి పోయి, ఇంకా మంచి కోడు, కింద తామరమొగ్గలా కడసాన పట్టినది, వెతికి తెచ్చిచ్చాడు. ఆ వంపులు చూస్తే చాలు, ఎవరో వడ్రంగి తాత తీరిగ్గా కూర్చుని చేసిన పని అని తెలిసిపోతుంది. మనం కొత్తగా ఎంత గీకినా ఆ వంపు రాదు.

సరే, పిడి దొరికింది. తల ఎంత ఉండాలి? సినిమాలోని వస్తువు మన చేతికి అందదు కదా, కొలత ఎలా? బొమ్మను తెరమీద ఆపి, నటుడి పిడికిలిని కొలతగా పెట్టుకోవాలి. మగవాడి పిడికిలి వెడల్పు మూడున్నర అంగుళాలకు అటూఇటూగా ఉంటుంది. గద తల ఎన్ని పిడికిళ్ళో లెక్కగడితే అడుగుల్లోకి వచ్చేస్తుంది. అయితే పిడికిలీ గద తలా కెమెరాకు ఒకే దూరంలో ఉన్న బొమ్మనే ఎంచుకోవాలి. గద ముందుకు చాచి ఉన్న బొమ్మను పట్టుకుంటే తల గుమ్మడికాయంత వస్తుంది. నాలుగైదు బొమ్మలు చూసి, సరిపోల్చుకుని, అప్పుడు ఒక అంకె రాసుకోవాలి.

ఈ పిడికిలి లెక్క చెప్పగానే మన శిల్పులు నవ్వుతారు, వాళ్ళకిది పుట్టుకతో వచ్చిన విద్య కాబట్టి. తిరుపతిలో దేవస్థానం వాళ్ళు 1960లో పెట్టిన సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థ ఉంది. గుడి కట్టడం, రాతిశిల్పం, లోహశిల్పం, కొయ్యశిల్పం, సుధాశిల్పం, సంప్రదాయ చిత్రలేఖనం, కలంకారీ అక్కడ నేర్పుతారు. శిల్పశాస్త్రంలో ముఖం పొడవు ఒక తాళం, తాళానికి 12 అంగుళాలు. ఇవి స్కేలు మీది అంగుళాలు కావు, ఆ విగ్రహం నుంచే పుట్టే అంగుళాలు. నవతాళ విగ్రహం 108 అంగుళాలు, ఉత్తమ దశతాళం 124 అంగుళాలు. విగ్రహం బొటనవేలంత ఉన్నా గాలిగోపురమంత ఉన్నా ఆ లెక్క చెదరదు. తెరమీది బొమ్మను పిడికిలితో కొలిచే కుర్రాడు చేసేదీ అదే పని. వస్తువు లోపలే కొలబద్ద వెతుక్కోవడం. తాళమానం నేర్చిన శిల్పి దగ్గర ఒక పూట కూర్చుంటే, వీడియోలు నెల రోజులు చూసినా అబ్బని చూపు అబ్బుతుంది. ఇది నా గట్టి నమ్మకం.

'మాయాబజార్' విషయంలో ఇంకో చిక్కుంది. అది 1957 నాటి నలుపు తెలుపు సినిమా. 2010లో రంగులు వేసి మళ్ళీ విడుదల చేశారు గానీ, ఆ రంగులు తర్వాతి వాళ్ళు ఊహించి వేసినవి. అందువల్ల గద బంగారు రంగా, కంచు రంగా, ఇనుప రంగా అన్నది చేసేవాడి ఇష్టం. నేను ముదురు కంచుకే ఓటేస్తాను. అడవిలో తిరిగే రాక్షసకుమారుడి ఆయుధం తళతళలాడకూడదు. గోఖలే, కళాధర్ ఆ సినిమాకు కళాదర్శకులు. ద్వారక నగరాన్ని 50కి 60 అడుగుల జాగాలో చిన్న నమూనాగా కట్టించి, మార్కస్ బార్ట్లే కెమెరాతో దాన్ని మహానగరంగా చూపించిన వాళ్ళు వాళ్ళు. అలాంటివాళ్ళ సినిమాలోని వస్తువు చేస్తున్నామంటే, దుమ్ము పట్టే మూలలో కూడా నగిషీ వదలకుండా చేయాలి.

ఇక పనిలోకి దిగుదాం. ముందు అసలు బొమ్మ ఒకటి కావాలి. దాన్నుంచి అచ్చు, అచ్చునుంచి పోత. గద తలకు గట్టి ప్లాస్టిక్ బంతి ఒకటి తీసుకుని, దానిమీద ఎం-సీల్ లాంటి ముద్దతో పలకలు తీర్చుకుంటూ రావచ్చు. మామూలు బంకమన్నుతో చేస్తే మన ఎండలకు మధ్యాహ్నానికల్లా నెర్రెలు విచ్చుకుంటుంది. నగిషీకి తిరుపతి గాంధీ రోడ్డు ఫ్యాన్సీ అంగళ్ళే గనులు. గద మెడ చుట్టూ పట్టీలకు ప్లాస్టిక్ గాజులు, వాటి మధ్య వరసకు పూసల దండలు, బుడిపెలకు చెవికమ్మలు, అంచులకు సన్నటి నులక తాడు. అన్నీ అంటించాక ఒక్కో ముక్క ఒక్కో రంగులో ఉండి చూడ్డానికి గందరగోళంగా కనిపిస్తుంది. దిగులు పడకండి. బూడిద రంగు ప్రైమరు ఒక్క పూత పడగానే గాజూ, పూసా, తాడూ అన్నీ ఒకే లోహంలో చెక్కినట్టు కలిసిపోతాయి. ఈ పనంతటిలో నాకు ఒళ్ళు పులకరించే ఘడియ అదే. అప్పుడు లప్పం పెట్టి, గరుకు కాగితం 120తో మొదలుపెట్టి 220, 400 దాకా రుద్దాలి. ఇక్కడ బద్ధకిస్తే ఆ గీత అచ్చులో పడుతుంది, అచ్చులో పడింది ప్రతి పోతలోనూ వస్తుంది.

అచ్చు రెండు చెక్కలుగా తీయాలి. గుండ్రటి తలను సగం దాకా మెత్తటి ముద్దలో పాతిపెట్టి, చుట్టూ అంచు చదును చేసి, అక్కడక్కడా వేలితో గుంటలు నొక్కాలి. రేపు రెండు చెక్కలూ ఒకదానిలో ఒకటి సరిగ్గా కూర్చోవడానికి ఆ గుంటలే ఆధారం. ఇక్కడ కొందరు దెబ్బతింటారు. పిల్లలు ఆడుకునే బంకమట్టి రకాలు కొన్నింటిలో గంధకం ఉంటుంది. ప్లాటినం రకం సిలికాన్ దానికి తగిలిందంటే గడ్డకట్టదు, రోజుల తరబడి జిగురుగానే ఉండిపోతుంది. అందుకని గంధకం లేని ముద్దే అడిగి తీసుకోండి. పాతిన బొమ్మ మీద సిలికాన్ రబ్బరు మొదటి పూత పల్చగా, కుంచెతో, ప్రతి పూసకూ మధ్యన దూరేలా పెట్టాలి. బుడగలు కనబడితే జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో గాలి ఊదండి, పగిలిపోతాయి. ఆ పూత చేతికి అంటీ అంటనట్టు ఉన్నప్పుడే రెండోది మందంగా వేయాలి. రబ్బరు మెత్తన కాబట్టి దానికదే నిలబడదు. పైన ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తోనో ఫైబరుతోనో గట్టి తొడుగు వేయాలి. అది ఆరాక తిరగేసి, మెత్తటి ముద్ద పీకేసి, బయటపడ్డ రబ్బరు అంచుకు వ్యాసెలీన్ రాసి, రెండో వైపు కూడా అంతే. వ్యాసెలీన్ మరిచిపోతే రెండు రబ్బర్లూ కలిసి ఒకటైపోతాయి, బొమ్మ లోపల చిక్కుకుంటుంది.

పోతకు ఫైబర్ రెజిన్ చాలు. మన ప్రాంతంలో వినాయకుడి బొమ్మలు, షాపుల ముందు పెట్టే పెద్ద బొమ్మలు చేసేవాళ్ళందరికీ చేతివాటం ఉన్న పని ఇది. ముందు జెల్ కోట్, దానిమీద ఫైబర్ మ్యాట్ ముక్కలు, వాటిమీద రెజిన్. కుంచెతో పొడుస్తూ గాలి బయటికి పంపాలి. రెండు మూడు వరసలు వేస్తే గుల్లగా, తేలిగ్గా, రాయిలా గట్టిగా వస్తుంది. ఇందులో ప్రాణాలకు సంబంధించిన మాట ఒకటుంది, దయచేసి చెవిన పెట్టండి. రెజిన్‌తో పాటు కోబాల్ట్ సీసా, హార్డెనర్ సీసా విడివిడిగా ఇస్తారు. ఈ రెండింటినీ ఒకదానిలో ఒకటి నేరుగా కలపకూడదు. కలిపితే మంట లేస్తుంది, పేలవచ్చు కూడా. కోబాల్ట్ ముందు రెజిన్‌లో బాగా కలిపేయాలి, హార్డెనర్ ఆఖరున వేయాలి. గదిలో కాదు, ఆరుబయట. ముక్కుకు రసాయనాల ఆవిరిని ఆపే మాస్కు, కళ్ళకు అద్దాలు, చేతులకు తొడుగులు. పిల్లలు చేస్తుంటే పెద్దవాళ్ళు పక్కన ఉండాలి. మన మే నెల ఎండలో రెజిన్ గిన్నెలోనే గడ్డకట్టి పొగలు కక్కుతుంది. హార్డెనర్ తగ్గించుకుని, తెల్లవారుజామున పని పెట్టుకోవడం మేలు.

రెండు చెక్కలూ అతికించి, అతుకు రుద్దేశాక, కంచు రంగు. దానిమీద నల్లరంగు నీళ్ళలా కలిపి పూసి, ఆరకముందే గుడ్డతో తుడిచేయాలి. పైన తుడుచుకుపోతుంది, గుంటల్లో నిలిచిపోతుంది. ఆ నలుపే వస్తువుకు వయసు తెస్తుంది. చెయ్యి ఎక్కువగా తగిలే చోట కాస్త మెరుపు, పూసల సందుల్లో మసి. ఇదీ సూత్రం.

మన సీమలో ఇంకో రకం అచ్చు ఉంది. దాని పేరెత్తకుండా ఈ కబుర్లు ముగించడం అన్యాయం. పంచలోహ విగ్రహాలు పోసే మధూచ్ఛిష్ట విధానం. తేనెమైనంలో గుగ్గిలం, నూనె కలిపి కాచి, ఆ ముద్దతో విగ్రహమంతా చేస్తారు. దానిమీద మెత్తటి వండ్రుమట్టి పూత, ఆపైన ముతక మట్టి, కట్టు తీగలు. ఆరాక కాలిస్తే మైనం కరిగి బయటికి పోతుంది, ఆ ఖాళీలోకి లోహం పోస్తారు. చాళుక్యరాజు సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రాయించిన 'మానసోల్లాసం'లో ఈ పద్ధతి వివరంగా ఉంది. మట్టి పగలగొడితేనే విగ్రహం బయటికొస్తుంది, కాబట్టి ఆ అచ్చులో ఇంకొకటి రాదు. సిలికాన్ అచ్చులో పాతిక పోతలైనా పోసుకోవచ్చు. ఏది గొప్ప అని అడిగితే, మొక్కడానికి మొదటిది, ఆడుకోవడానికి రెండోది అంటాను. అయితే మైనం పని చూసినవాడి చేతిలో సిలికాన్ పని వేరుగా ఉంటుంది. లోహం ఎటునుంచి దిగాలి, గాలి ఎటునుంచి పోవాలి అన్న ఆలోచన వాడికి ముందే అలవడి ఉంటుంది.

సినిమా సామానును శిల్పమనవచ్చా అన్న పేచీ ఒకటి బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా పోయింది. స్టార్ వార్స్ సైనికుల తెల్లటి శిరస్త్రాణాలను అప్పట్లో చేసిచ్చిన ఆండ్రూ ఐన్స్‌వర్త్, తర్వాతి కాలంలో అవే చేసి అమ్మడం మొదలుపెడితే సినిమా కంపెనీ దావా వేసింది. 2011లో తీర్పు వచ్చింది. అది సినిమాలో వాడుకునే ఒక వస్తువే గానీ శిల్పం కాదు, కాబట్టి ఆ దేశపు చట్టంలో శిల్పాలకు ఉన్న రక్షణ దానికి రాదు అన్నారు. న్యాయం సంగతి న్యాయమూర్తులకు వదిలేద్దాం. నా మనసు మాత్రం ఒప్పుకోదు. ఒక పనికి వాడుకుంటే శిల్పం కాకుండా పోతుందా? మన రథాల మీది బొమ్మలన్నీ వాడుకునేవే కదా! అలా అని మన దగ్గర ఎవరి సినిమా వస్తువైనా చేసి అమ్మేసుకోవచ్చని కాదు. మనకోసం చేసుకోవడం వేరు, వ్యాపారం వేరు. అమ్మదలిస్తే అనుమతి తీసుకోవాలి.

కత్తులు చేసుకునే కుర్రాళ్ళకు ఇంకో మాట. తొమ్మిది అంగుళాలు మించిన పదునైన కత్తి మన ఆయుధ నిబంధనల్లోకి వస్తుంది. అంచు మొద్దుగా, ఫైబరుతోనో ఫోముతోనో చేసుకోండి. 'బాహుబలి'కి కళాదర్శకుడు సాబు సిరిల్ ఆ దారిలోనే కార్బన్ ఫైబర్ కత్తులు చేయించారు, కవచాలకు చెప్పుల్లో వాడే తరహా ఫోము వాడారు. పోరాట దృశ్యాల్లో రోజంతా మోయాలి మరి. తేలిక వస్తువును బరువుగా చూపించడం నటుడి వంతు. ఎస్వీఆర్ గారి మోచేతిని చూడమన్నది అందుకే.

'పుష్ప' సినిమాలోని ఎర్రచందనం దుంగల సంగతీ అంతే. ఎర్రచందనం మన శేషాచలం కొండల చెట్టు. దాని చేవ నీళ్ళలో వేస్తే మునిగేంత చిక్కన. దుంగ ఒకటి భుజాన వేసుకుని కొండ దిగేవాడి నడుము ఎలా వంగుతుందో ఈ ప్రాంతం వాళ్ళకు చెప్పనక్కర్లేదు. నిజం దుంగను సినిమాకోసమైనా ముట్టుకోకూడదు కాబట్టి తెరమీద కనిపించేవన్నీ చేయించిన దుంగలే. ఆ చేయించిన దుంగ కింద నటుడు నిజంగా వంగాలి.

2024 డిసెంబరులో 'పుష్ప 2' వచ్చాక దేశమంతా మన గంగమ్మ జాతర గురించి మాట్లాడింది. అల్లు అర్జున్ కట్టిన వేషం మాతంగి వేషమనీ, అది తిరుపతి వీధుల్లో తరతరాలుగా నడుస్తున్నదనీ చాలామందికి అప్పుడే తెలిసింది. మనకు మాత్రం మే నెల వస్తే చాలు, తాతయ్యగుంట గంగమ్మ గుడి చుట్టూ ఊరంతా వేషమే. అమ్మాయిలను చెరపట్టే పాలెగాణ్ణి వెతుకుతూ అమ్మవారు రోజుకొక వేషం వేసుకుందని కథ. బైరాగి వేషానికి ఒళ్ళంతా సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు. దొర వేషంలో పాలెగాడు చిక్కుతాడు. తర్వాత మాతంగి, సున్నపు కుండలు. జాతరనాడు వెదురుబద్దలతో గోపురంలా కట్టిన సప్పరాలు తలకెత్తుకుని నడుస్తారు. ఆ సప్పరాన్ని దగ్గరగా చూశారా ఎప్పుడైనా? మనిషి మెడ మోయగలిగేంత తేలిగ్గా ఉండాలి, కిక్కిరిసిన వీధిలో తోపులాటకు విరగకూడదు, దూరం నుంచి గోపురంలా కనబడాలి. సినిమాకు ప్రాపర్టీ చేసేవాడికి పెట్టే మూడు పరీక్షలూ అందులోనే ఉన్నాయి. ఆఖరున తెల్లవారుజామున గుడి ముందు బంకమట్టితో అమ్మవారి విశ్వరూపం నిలబెడతారు. ఆ మట్టి ముఖాన్ని ఛేదించగానే జనం ఎగబడి ఆ మట్టిని ప్రసాదంగా ఇంటికి తీసుకుపోతారు. చేసిన బొమ్మను దాచుకోవడం ఒక భక్తి, అంత పనితనమూ పోసి చేసి ఆ పూటే పంచేయడం ఇంకో భక్తి.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న మాటకు వస్తున్నాను.

చిత్తూరు సీమలో ధర్మరాజుల గుళ్ళున్న చాలా ఊళ్ళలో ఎండాకాలం భారతం జరుగుతుంది. పద్దెనిమిది పర్వాలకు పద్దెనిమిది రోజులు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడి వేషగాడు తపస్సు మాను ఎక్కుతాడు. కింద పిల్లలు కావాలని మొక్కుకున్న ఆడవాళ్ళు సాష్టాంగపడి ఉంటారు, ఆయన పైనుంచి నిమ్మకాయలు, విభూతి పొట్లాలు విసురుతాడు. చివరినాడు దుర్యోధన వధ. మైదానంలో మట్టితో దుర్యోధనుడి బొమ్మ వెల్లకిలా పడుకోబెట్టి చేస్తారు. ఆ తలనుంచి ఈ పాదందాకా నడవాలంటే కాసేపు పట్టేంత బొమ్మ. దానికి మీసాలు, కిరీటం, రంగులు. ఆ బొమ్మ చుట్టూ భీముడూ దుర్యోధనుడూ తరుముకుంటూ తిరుగుతారు. భీముడు గదతో తొడమీద కొట్టే క్షణానికి ఊరు ఊరంతా ఊపిరి బిగపట్టుకుంటుంది. ఆ తర్వాత అగ్నిగుండం, పట్టాభిషేకం.

ఆ భీముడి గద చూశారా? వేషగాళ్ళ కిరీటాలు, భుజకీర్తులు, ఎదురొమ్ము పలకలు చూశారా? తేలికపాటి కర్రను చెక్కి, అద్దం ముక్కలు పొదిగి, రంగు రేకులు అంటించి చేసినవి. భుజం మీద రెక్కల్లా నిలబడే ఆ భుజకీర్తుల్లో ఒక్కోదాంట్లో చిలకలు, లతలు, మకరాలు ఉంటాయి. ఒకప్పుడు వీటిని చేసే ఇళ్ళు వేరే ఉండేవి. ఇవాళ చాలా బృందాల దగ్గర ఉన్నది తాతల నాటి పెట్టె. దానిలోని కర్రకు పుచ్చు పట్టింది, అద్దాలు ఊడిపోయాయి. కొత్తవి కావాలంటే రెడీమేడ్ ప్లాస్టిక్ కిరీటాలు తెచ్చుకుంటున్నారు. తప్పు వాళ్ళది కాదు. చేసిచ్చేవాళ్ళు లేరు, చేయించుకోవడానికి డబ్బూ లేదు.

మరి పిడికిలి లెక్కతో తెరమీది గదను కొలవగలిగిన కుర్రాడు, మన కళ్ళెదుటే ఉన్న భుజకీర్తిని కొలవలేడా? అచ్చు తీయలేడా? కర్ర పుచ్చిపోయినా పైనున్న చెక్కడం ఇంకా నిలిచి ఉంది. దాని మీద సిలికాన్ నేరుగా పూస్తే రంగు రేకులు లేచిపోతాయి కాబట్టి ముందు పల్చటి రేకు లేదా పొర కప్పి, మూలన చిన్న చోట పరీక్షించి చూడాలి. అదీ భయమనిపిస్తే అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి, కొలతలు రాసుకుని, కొత్త బొమ్మ చెక్కుకుని దానిమీద అచ్చు తీయాలి. ఏర్పేడు దగ్గర మాధవమాలలో కొయ్య చెక్కే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ళను అడిగితే ఆ లతల వంపు ఎటు తిరగాలో చెబుతారు. ఒక్క అచ్చు సిద్ధమైతే పక్క ఊరి భారతానికి కూడా తేలికపాటి ఫైబర్ జత పోసివ్వచ్చు. పాతది గుళ్ళో భద్రంగా ఉంటుంది, కొత్తది వేషగాడి భుజం మీద తిరుగుతుంది.

హాలీవుడ్ శిరస్త్రాణమో, ఘటోత్కచుడి గదో చేయొద్దని నేననను. చేయండి, చెయ్యి తిరగడానికి అవే మంచివి. కానీ రెండోదో మూడోదో మన ఊరిది కావాలి. ఈ ఎండాకాలం మీ ఊళ్ళో భారతం పెడితే, వేషాలు కట్టే పెద్దాయన దగ్గరికి వెళ్ళండి. ఆకూవక్కా ఇచ్చి, అనుమతి అడిగి, ఆ పెట్టె తెరిపించండి. ఒక టేపు, ఒక నోటు పుస్తకం, ఫోను వెంట తీసుకెళ్ళండి. ప్రతి వస్తువునూ ముందు, వెనక, పక్కల ఫోటో తీసి, పొడవూ వెడల్పూ మందమూ రాసుకోండి. అది ఎవరు చేశారో, ఏ ఊరివాళ్ళో ఆ పెద్దాయనకు గుర్తుంటే అదీ రాసుకోండి. అచ్చు సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు ఈ కొలతలు తీసేయండి, పుచ్చు మన తీరిక కోసం ఆగదు.